రాతి మీది హరాల్డ్

1066 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి దగ్గర తలపడిన రాజులిద్దరిదీ ఒకటే పేరు. దండెత్తి వచ్చినవాడు నార్వే రాజు హరాల్డ్ హార్డ్‌రాడా. ఎదురు నిలిచి గెలిచినవాడు ఇంగ్లండు రాజు హెరాల్డ్ గాడ్విన్‌సన్. ఈయన తల్లి డెన్మార్క్ ఆడపడుచు. కొడుకు పేరులో ఆమె పుట్టింటి వాసన ఉంది.

హరాల్డ్ అంటే సైన్యాన్ని ఏలేవాడు. పాత జర్మానిక్ భాషలో ‘హార్య’ అంటే సైన్యం, ‘వల్ద్’ అంటే ఏలడం. ఈ రెండు మాటలనే తారుమారు చేస్తే వాల్టర్ అనే పేరు వస్తుంది! క్రీ.శ. 16లో రోమన్ల పక్షాన పోరాడిన బటావియన్లనే జర్మానిక్ తెగ నాయకుడి పేరును రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ‘కారియోవాల్డా’ అని రాశాడు. అదీ ఈ పేరే.

నన్ను బాగా ఆకట్టుకున్న హరాల్డ్ మాత్రం డెన్మార్క్‌లోని యెల్లింగ్ ఊరిలో రాతి మీద ఉన్నాడు. తల్లిదండ్రులు త్యూరా, గోర్మ్‌ల జ్ఞాపకార్థం ఆ రాజు 965 ప్రాంతంలో వేయించిన శాసనమది. డెన్మార్క్ అంతటినీ, నార్వేనూ గెలిచి, డేన్లను క్రైస్తవులుగా మార్చిన హరాల్డ్ ఇతడేనని అందులో చెక్కించుకున్నాడు. అక్కడి రూనిక్ అక్షరాలను, అంటే జర్మానిక్ జాతుల పాత లిపిని, కూడబలుక్కుంటే పేరు ‘హరాల్ట్ర్’ అని వస్తుంది. అప్పటి లిపిలో అక్షరాలు 16 మాత్రమే. ‘ట’కూ ‘డ’కూ ఒకటే అక్షరం. తమిళంలో మాదిరిగా చదివేవారే సరిగ్గా పలుక్కోవాలి.

చివరి ‘ర్’ ఇంకా ముచ్చటైనది. అది ప్రథమా విభక్తి ప్రత్యయం. సంస్కృతంలో ‘రామః’ అన్నప్పుడు వినిపించే విసర్గ, ఈ ‘ర్’ రెండూ ఇండో-యూరోపియన్ మూలభాషలోని ఒకే ‘స్’ నుంచి వచ్చాయి. ‘రామః రామౌ రామాః’ అని వల్లించినవారికి ఆ రాతి మీది అక్షరం దూరపు చుట్టమే.

ఈ హరాల్డ్‌కు తర్వాతి కాలపు రచనల్లో ‘బ్లోటాన్’ అనే మారుపేరు కనిపిస్తుంది. నీలి పన్ను అని అర్థం. నల్లబడిన పన్ను కావచ్చు. 1990లలో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ వైర్లు లేకుండా పరికరాలను కలిపే పద్ధతికి ఈ మారుపేరునే సూచించారు. విడివిడి రాజ్యాలను కలిపిన రాజు పేరు దానికి తగినదని ఆయన భావించారు. అదే బ్లూటూత్.

ఫోనులో ఆ గుర్తును ఒకసారి పరీక్షగా చూడండి. కుడివైపు కోణాలు ‘బ’ను సూచించే రూనిక్ అక్షరానివి. నిలువు గీత నుంచి ఎడమవైపుకు పొడుచుకొచ్చిన రెండు చిన్న గీతలు ‘హ’వి, హరాల్డ్ పేరులోని మొదటి అక్షరానివి.