సంగీతంలో డిగ్రీ: మన దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు నాకు ఫోన్లు మొదలవుతాయి, "మాస్టారూ మా అమ్మాయి సంగీతంలోనే చదువుతానని కూర్చుంది, వాళ్ళ నాన్నగారేమో బీటెక్ అంటున్నారు, మీరు కాస్త చెప్పండి" అని. నేను విజయవాడలో గాత్రం చెప్తాను, చదువుకున్నదీ సంగీతమే, గుంటూరు నుంచి కూడా పిల్లలు వస్తారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: మార్కులు రాని వాళ్ళు చేరే కోర్సు, పాటలు పాడుకుంటూ మూడేళ్ళు గడిపేయొచ్చు.

వాస్తవం: చేరిన మొదటి సెమిస్టర్‌లోనే ఈ భ్రమ పోతుంది. 72 మేళకర్తల (ఏడు స్వరాలూ ఉండే మూల రాగాల) పేర్లు బట్టీ పడితే సరిపోదు, పేరు చెప్పగానే స్వరస్థానాలు చెప్పాలి. కటపయాది సూత్రం, అంటే రాగం పేరులో మొదటి రెండు అక్షరాలకి అంకెలు ఇచ్చి దాని నంబరు తెలుసుకునే పద్ధతి, ఉంది కదా, ధీరశంకరాభరణంలో "ధీ" 9, "ర" 2, తిరగేస్తే 29, అంటే 29వ మేళం, శుద్ధ మధ్యమం వైపు అయిదో చక్రంలో (ఆరేసి మేళాలు ఒక చక్రం) అయిదోది, కాబట్టి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, అక్కణ్ణించి ధైవత నిషాదాలు. ఇదంతా నోటితో లెక్క కట్టి వెంటనే పాడి చూపించాలి. ఎంపీసీ చదివిన పిల్లలు ఇక్కడ చాలా బాగా రాణిస్తారు, ఇది నేను చాలామందిలో చూశాను.

అపోహ: పాడటం వస్తే చాలు, హిస్టరీ పేపర్ పాసైపోతే అయిపోయింది.

వాస్తవం: దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పిల్లల్ని "నానాటి బతుకు" పాడమంటే చక్కగా పాడతారు. ఈ వరస ఎవరిది అని అడిగితే అన్నమయ్యది అంటారు. అన్నమయ్య 15వ శతాబ్దం వాడు, సాహిత్యం ఆయనదే, కానీ మనం పాడే ఆ రేవతి వరస నేదునూరి కృష్ణమూర్తి గారిది, అంటే మన కాలానిది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తన, దాని పైన రాగం పేరు ఉన్నాయి, పాడటానికి కావలసిన స్వరాలు మాత్రం లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు, తర్వాత బాలకృష్ణప్రసాద్ గారు ఇలాంటి వాళ్ళు కూర్చుని సాహిత్యం చదివి, ఛందస్సు చూసి, ఏ మాట దగ్గర శ్వాస ఆగాలో ఆలోచించి వరసలు కట్టారు. ఇది తెలిశాక అదే పాట పాడితే తేడా ఉంటుంది. అప్పటిదాకా తాకకూడని వస్తువులా పాడిన పిల్ల, ఒక సంగీతజ్ఞుడు ఇక్కడ ఈ సంగతి (అదే పాదాన్ని కొంచెం మార్చి పాడే తీరు) ఎందుకు వేశాడో చూడటం మొదలుపెడుతుంది. అంటే చరిత్ర వల్ల పాట మారుతుంది, పాట కట్టడం ఎలాగో కూడా అక్కడే అర్థమవుతుంది, ఈ మూడిటికీ మూడు పేపర్లు ఉన్నా చదువు మాత్రం ఒకటే.

ఇంకో సంగతి. సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, అచ్చయిన లిపి మన తెలుగు. గమకాలకి (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులకి) గుర్తులు పెట్టి మరీ ముత్తుస్వామి దీక్షితుల కృతుల్ని రాసిన పుస్తకం అది. తెలుగు చదవలేని వాళ్ళు అనువాదం కోసం దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. మన పిల్లలు నేరుగా చదవగలరు, చదవరు. ఒక పేజీ తెరిచి, అందులో రాసిన గమకాన్ని, ఇవాళ మనం పాడే పద్ధతిని పక్కపక్కన పెట్టి పాడి చూడండి, క్లాసులో గంట ఎలా గడిచిందో తెలీదు.

అపోహ: పాట కట్టడం, స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం) దేవుడిచ్చిన వరం, నేర్పితే వచ్చేది కాదు.

వాస్తవం: నేర్పుతాం, వస్తుంది. బాగా వస్తుందా అంటే అది సాధన మీద, వినికిడి మీద ఉంటుంది, కానీ మొదటి మెట్లు అందరికీ అందేవే. ఆది తాళంలో ఎనిమిది క్రియలు (చేత్తో వేసే దెబ్బలు, వేళ్ళ లెక్కలు), ఒక్కో క్రియకి నాలుగు స్వరాలు అనుకుంటే ఆవర్తనానికి 32. మోహన రాగంలో అయిదు స్వరాల ముక్క ఒకటి తీసుకుందాం, "గ ప ద ప గ" అనుకోండి. దాన్ని మూడుసార్లు పాడి మధ్యలో రెండేసి అక్షరాలు (ఒక స్వరం పట్టే కాలం ఒక అక్షరం) ఆగితే 15కి 4 కలిపి 19. పల్లవి సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఎత్తుగడ అయితే 32లో 19 తీసేస్తే 13, అంటే పదమూడు అక్షరాలు మామూలుగా పాడి పద్నాలుగో దాని మీద ముక్తాయింపు, అంటే ఆ మూడుసార్ల ముక్క, ఎత్తుకోవాలి, సరిగ్గా వచ్చి పల్లవి మీద పడుతుంది. ఇది కాగితం మీద వేసి, చేత్తో తాళం వేస్తూ, తర్వాత కాగితం మూసేసి పాడిస్తాం. సెకండియర్ పిల్లలు మొదటిసారి తప్పకుండా పల్లవి అందుకున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి అసలు. సాహిత్యం పెట్టి కట్టేటప్పుడు ఇంకో కష్టం, తెలుగులో దీర్ఘం ఉన్నచోట కుదించి, హ్రస్వం ఉన్నచోట సాగదీస్తే అర్థమే పోతుంది, రెండో అక్షరం ప్రాస తాళంలో ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. త్యాగరాజస్వామి కృతుల్లో అది చూసి నేర్చుకోవడమే.

బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు తెచ్చారంటే ఊరికే రాలేదు, అంతకుముందే 72 మేళాల్లోనూ కృతులు కట్టిన మనిషి ఆయన.

అపోహ: గురువు దగ్గర నేర్చుకుంటే చాలు, కాలేజీ దండగ. (దీనికి ఉల్టా కూడా వింటాను, కాలేజీలో చేరితే ఇంక గురువు అక్కర్లేదని.)

వాస్తవం: రెండూ కావాలి. విజయవాడ పరంపరే చూడండి. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, పంతులు గారి దగ్గర బాలమురళి గారు. అచ్చంగా గురుశిష్య పరంపర ఇది. అదే బాలమురళి గారు ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు, ఇప్పుడు ఆ కాలేజీ ఘంటసాల గారి పేరు మీద ఉంది. ఘంటసాల గారేమో ఇక్కణ్ణించి విజయనగరం వెళ్ళి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు, అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారి ఇంట్లో శిష్యుడిగా ఉండి నేర్చుకున్నారు కూడా.

ఒక తేడా మాత్రం పేరెంట్స్ తెలుసుకోవాలి. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్ళు, ఆ తర్వాత డిప్లొమా రెండేళ్ళు, చాలామంది పిల్లలు స్కూలుకెళ్తూనే సాయంత్రం చేస్తారు. అది యూనివర్సిటీ డిగ్రీతో సమానం అని ఎవరన్నా చెప్తే నమ్మకండి, మీరు అప్లై చేసే ఉద్యోగం నోటిఫికేషన్ చూసుకోండి. వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో సంగీతం డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. కీబోర్డ్‌లో ట్రినిటీ (లండన్ కాలేజీ) పరీక్షల గ్రేడ్‌లు ఎనిమిదీ పాసయ్యాం అని వచ్చేవాళ్ళకీ ఇదే మాట, మంచి పరీక్షలే, డిగ్రీ వేరు. పైగా తోడి రాగంలో గాంధారం ఊగుతూ ఉండాలి, కీబోర్డ్ మీద ఒక మెట్టు నొక్కి అది రాదు.

అపోహ: వరాళి రాగం గురువు చెప్తే గురుశిష్యులకి చెడుతుంది, ఆహిరి రాగం పొద్దున్నే పాడితే ఆ పూట అన్నం దొరకదు.

వాస్తవం: వరాళి చెప్తాను, ఆహిరీ చెప్తాను, పిల్లలందరూ మధ్యాహ్నం క్యారేజీ తినే వెళ్తున్నారు. వరాళిలో మధ్యమం మామూలు ప్రతి మధ్యమం కంటే పైకి, పంచమానికి ఆనుకుని పలకాలి, అది చెవికి పట్టించడం నిజంగా కష్టం, బహుశా ఆ కష్టం చూసే ఈ మాట పుట్టి ఉంటుంది. పంచరత్నాల్లో "కన కన రుచిరా" వరాళే కదా, అది రాకుండా త్యాగరాజ ఆరాధనలో గోష్ఠికి (అందరూ కలిసి పాడే గానానికి) ఎలా కూర్చుంటారు?

అపోహ: ఇది కొన్ని ఇళ్ళ పిల్లలకే అబ్బుతుంది.

వాస్తవం: ఇది తప్పు, గట్టిగా చెప్తున్నా. పాత గుంటూరు జిల్లా వాళ్ళు ఈ మాట అంటే అస్సలు ఒప్పుకోను. చిలకలూరిపేట నాదస్వరానికి పేరుపడ్డ ఊరు, కరవది నుంచి వెళ్ళిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి గుళ్ళలో త్యాగరాజ కృతులు వాయించారు, ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2021లో, మన బెజవాడ వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారికీ వచ్చింది. ఇంట్లో ఎవరూ పాడని పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్ళకి తేడా ఒక్కటే, ఇంట్లో వినికిడి తక్కువ, అది రేడియోతో ఫోన్‌తో రోజూ వింటే ఏడాదిలో పూడుతుంది.

అపోహ: గొంతు మారింది, ఇంక మావాడు పాడలేడు.

వాస్తవం: 13, 14 ఏళ్ళ మగపిల్లలకి గొంతు మారుతుంది, అంతే, పోదు. శ్రుతి తగ్గించి మెల్లగా పాడించండి, అయిదున్నర శ్రుతిలో పాడినవాడు ఒకటికో ఒకటిన్నరకో దిగుతాడు, ఆ ఏడాది తాళం, లక్షణం (రాగాల శాస్త్రం), వయొలిన్ మీద పెట్టొచ్చు. మానిపించకండి.

అపోహ: ఉద్యోగాలు లేవు.

వాస్తవం: తేలిగ్గా దొరుకుతాయని అబద్ధం చెప్పను. లెక్చరర్ పోస్టులు ఎప్పుడో గానీ పడవు, దానికి పీజీ తర్వాత యూజీసీ నెట్ సంగీతంలో రాయాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకి సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ అడుగుతారు, డిప్లొమా వాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆకాశవాణి ఆడిషన్‌లో బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడ్‌లు ఉంటాయి, అది జీతం ఉద్యోగం కాదు కానీ కచేరీలకి పేరు తెస్తుంది. 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, రెండేళ్ళపాటు నెలకి 5,000 రూపాయలు, మనవాళ్ళు అప్లై చేసేదే తక్కువ. చాలామందికి ఇల్లు గడిచేది మాత్రం పాఠాల మీదే, పొద్దున్నే లేచి అమెరికా పిల్లలకి ఆన్‌లైన్, సాయంత్రం ఇంటి దగ్గర.

చేరదామనుకునే పిల్లలు ఇప్పటినుంచే చేయాల్సింది చెప్తా. ఒక వర్ణం (కృతుల కంటే ముందు నేర్పే సాధన రచన) రెండు కాలాల్లో తాళం తప్పకుండా పాడగలగాలి, సినిమా పాట పట్టుకుని రావద్దు. రెండు మూడు కృతులకి రాగం, తాళం, వాగ్గేయకారుడు, ఆరోహణ అవరోహణ చెప్పగలగాలి. తంబూరా యాప్ పెట్టుకుని రోజూ పొద్దున అరగంట మంద్రంలో (కింది స్థాయిలో) సరళీలు, మే నెల ఎండలకి ఆరు దాటక ముందే అయితే మంచిది. ఫీజులు, సీట్లు, ఆఖరి తేదీలు ఏటా మారతాయి కాబట్టి నన్ను కాకుండా ఆ యూనివర్సిటీ ఆఫీసులోనే అడగండి.