ఇన్‌హేలర్ స్టెరాయిడ్లు, పిల్లల ఎముకలు

పిల్లవాడి ఉబ్బసానికి రాసిన ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉందని తెలియగానే గుంటూరులోనైనా విజయవాడలోనైనా తల్లిదండ్రులు ముందుగా అడిగేది, ‘ఎముకలు గుల్లబారవా డాక్టరుగారూ?’ అని. ఆ భయం ఆధారం లేనిది కాదు. స్టెరాయిడ్లు ఎముకను కట్టే కణాల పనిని మందగింపజేస్తాయి, పేగు కాల్షియాన్ని గ్రహించడాన్ని తగ్గిస్తాయి, మూత్రంలో పోయే కాల్షియాన్ని పెంచుతాయి. అయితే ఇవన్నీ ప్రధానంగా రక్తంలో చేరిన మందు చేసే పనులు కాబట్టి, ఎంత మందు రక్తంలోకి చేరుతున్నదన్నదే అసలు ప్రశ్న.

ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు ఇన్‌హేలర్‌లో వాడే స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్‌ను రోజుకు 100 నుంచి 200 మైక్రోగ్రాములు ఇస్తే తక్కువ మోతాదుగా పరిగణిస్తారు. అందులో గొంతు దిగి కడుపులోకి పోయిన భాగాన్ని కాలేయం దాదాపు 90 శాతం నిర్వీర్యం చేస్తుంది. ఆయాసం ముదిరినప్పుడు తాగించే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ సంగతి వేరు. కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఇచ్చినా, 20 కిలోల పిల్లవాడికి రోజుకు 20 మిల్లీగ్రాములు, అంటే 20,000 మైక్రోగ్రాములు అవుతుంది. రెండు మందుల బలం ఒకటి కాదు గనుక ఈ అంకెలను నేరుగా పోల్చరాదు గాని, తాగించిన మందు ఒళ్లంతా పాకుతుందన్నది మాత్రం నిజం.

అమెరికా, కెనడాలలో 5 నుంచి 12 ఏళ్ల వయసున్న 1,041 మంది పిల్లలపై జరిగిన క్యాంప్ అధ్యయనం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. నాలుగు నుంచి ఆరేళ్లపాటు రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ పీల్చిన పిల్లల ఎముక సాంద్రతకూ, ఆ మందు లేని పిల్లల సాంద్రతకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎత్తు పెరుగుదల మాత్రం సుమారు ఒక సెంటీమీటరు తగ్గింది. పెద్దయ్యాక కూడా సగటున 1.2 సెంటీమీటర్ల లోటు మిగిలిందని 2012లో తేలింది. ఈ మాట తల్లిదండ్రులకు దాచకుండా చెప్పాలి. అదే పిల్లలను ఏళ్ల తరబడి గమనించినప్పుడు, తాగే స్టెరాయిడ్ కోర్సులు పెరిగేకొద్దీ మగపిల్లల ఎముకలో ఖనిజం చేరడం తగ్గినట్టు కనిపించింది. పీల్చే మందు ప్రభావం కూడా వారిలో కొద్దిగా కనిపించింది గాని, ఎముకలు పలచబడే ముప్పు దానివల్ల పెరగలేదు.

అందువల్ల ఎముకల మీది భయంతో ఇన్‌హేలర్‌ను మధ్యలో ఆపడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. గుంటూరు మార్కెట్ యార్డుకు మిర్చి పోటెత్తే నెలల్లో ఆ ఘాటుకు ఆయాసం తిరగబెడితే, పిల్లవాడికి తాగే మందు తప్పకపోవచ్చు. బడి ఆటలూ మానవలసి వస్తుంది. పరుగు, గెంతు లేని ఎముక గట్టిపడదు.

ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (దానికి తగిలించే గొట్టంలాంటి డబ్బాతో) వాడి, తరువాత నోరు పుక్కిలించి ఉమ్మేయడం అలవాటు చేయాలి. ఉబ్బసం అదుపులో ఉన్నప్పుడు డాక్టరు సలహాతో మోతాదును కనీసానికి తగ్గించవచ్చు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కనుక రాగి జావకు, పాలు పెరుగులకు రోజూ చోటివ్వాలి. వేసవిలో పిల్లలను ఇంటికే కట్టడి చేసే కుటుంబాలు విటమిన్ డి సంగతి కూడా అడగాలి. ఎత్తును ఆరునెలలకోసారి కొలిపించాలి. ఏడాదిలో పలుమార్లు స్టెరాయిడ్ సిరప్ తాగవలసి వచ్చిన పిల్లలకు, ఎక్కువ మోతాదు ఇన్‌హేలర్ దీర్ఘకాలం వాడేవారికి, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారికి ఎముక సాంద్రత పరీక్ష అవసరమా అన్నది పిల్లల వైద్యులతో ప్రత్యేకంగా మాట్లాడవలసిన విషయం.