ఆసు యంత్రం, నీ యాప్

బిడ్డా,

నానమ్మ కోసం చీర లెక్కల యాప్ చేస్తూ నువ్వొక మాట అడిగావు కదా: "పెదనాన్నా, ప్రతి గీతా, ప్రతి బటనూ క్యాన్వాస్ మీద నేనే గీసుకుంటే తప్పేంటి? కంపోజ్ ఎందుకు నేర్చుకోవాలి?" క్యాన్వాస్ అంటే తెర మీద అన్నీ మనమే గీసుకునే ఖాళీ చోటు. కంపోజ్ అంటే ఏం కావాలో చెప్తే తెరను తానే కట్టే ఆండ్రాయిడ్ పనిముట్టు. ఈ రెంటికీ తేడా ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నా.

నా చిన్నప్పుడు మన పుట్టపాక ఇంట్లో నానమ్మ పొద్దున్నే ఆసు ముందు కూర్చునేది. నేతకు ముందు పోగులు వరసగా పోసుకునే చట్రం అది. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒక్క చీరకే చేయి వేలసార్లు తిరగాలి. నేను బడి నుంచి వచ్చేసరికి భుజం మీద వేడినీళ్ల గుడ్డ వేసుకుని ఉండేది. అప్పుడప్పుడు నన్ను కూర్చోబెట్టేది. ఇరవై పోగులు పోయకముందే లెక్క తప్పేవాణ్ణి. ఆమె ఏమీ అనకుండా విప్పి మళ్లీ పోసేది.

అలాంటి నొప్పే తన తల్లికీ ఉండటం చూసి, ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం చేశారు. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎన్ని పోగులు కావాలో యంత్రానికి చెప్తే చాలు, చేయి తిరిగే పని అదే చూసుకుంటుంది.

కంపోజ్ కూడా అంతే. దాని మొదటి పూర్తి వెర్షన్ 2021లో వచ్చింది. "ఇక్కడ రంగు పేరు, దాని కింద నూలు తూకం" అని నువ్వు చెప్తావు, గీసే పని దానిది. తూకం 40 నుంచి 41 అయితే ఆ అంకెతో పని ఉన్న చోటునే మార్చుకుంటుంది. నువ్వు గీసిన బటన్‌కు మాత్రం తాను బటన్ అని తెలియదు, వేలు ఎక్కడ పడిందో నువ్వే లెక్క కట్టాలి. నానమ్మ ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టాం కదా, నువ్వు పిక్సెల్స్‌లో, అంటే తెర చుక్కల లెక్కన, కొలిచి రాసినవి మాత్రం పెరగలేదు. పాపం, అద్దాలు వెతుక్కుంది. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కు కూడా నువ్వు విడిగా చెప్తే తప్ప ఆ బొమ్మలో ఏముందో తెలియదు. మనం చేసింది వాడలేక ఒక మనిషి చిన్నబోతే, తప్పు మనదే బిడ్డా.

అలాగని క్యాన్వాస్ వదిలేయమనను. ఆసు యంత్రం వచ్చాక కూడా చిటికి, అంటే డిజైన్ కోసం పోగులకు వేసే కట్లు, మనుషులే కడుతున్నారు. పోగుల మీద గుర్తు పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీ బిగించి చుడితే ఆ చోట రంగు ఎక్కదు. కాస్త జరిగినా పువ్వు అంచు చెదిరిపోతుంది.

నీ యాప్‌లో చిటికి ఏదంటే, డిజైన్ గళ్లు. అడ్డం నూరు, నిలువు నూరు, మొత్తం 10,000. ఒక్కో గడినీ విడి బాక్సుగా పెడితే ఫోన్ అల్లాడిపోతుంది. సెకనుకు 60 సార్లు తెర మారాలంటే ఒక్కోసారికి దొరికేది దాదాపు 17 మిల్లీసెకన్లు. కాబట్టి కంపోజ్ లోపలే ఒక క్యాన్వాస్ పెట్టి గళ్లన్నీ నువ్వే గియ్యి. బటన్లు, పేర్లు, లెక్కలు మాత్రం కంపోజ్‌కు వదిలెయ్యి.

ఆదివారం మగ్గాల ఇంటికి వెళ్లు. ముందు ఆసు యంత్రం పక్కన కాసేపు కూర్చో. తర్వాత చిటికి కట్టేవాళ్ల బొటనవేలు చూడు. ముడి ఎక్కడ పడాలో ఆ వేలికి ఎలా తెలుస్తుందో, ఇన్నేళ్లు చూసినా నాకు ఆశ్చర్యమే. చూసొచ్చి నాకు రాయి.

నీ పెదనాన్న