చంద్రుడిపై దింపే వాహనం ఎవరిది?

మనుషులను మళ్లీ చంద్రుడిపైకి పంపే నాసా కార్యక్రమం ఆర్టెమిస్. అప్పటి ప్రణాళిక ప్రకారం ఆర్టెమిస్-3 యాత్రలో వ్యోమగాములను చంద్రుడి ఉపరితలంపై దింపాల్సిన ల్యాండరు పనిలో స్పేస్‌ఎక్స్ వెనకబడిందని, ఆ కాంట్రాక్టును మళ్లీ పోటీకి పెడతామని 2025 అక్టోబరు 20న నాసా తాత్కాలిక అధిపతి షాన్ డఫీ టెలివిజన్‌లో ప్రకటించారు. స్పేస్‌ఎక్స్ అధినేత ఇలాన్ మస్క్ దానికి ఘాటుగా బదులిచ్చారు. ఆ తర్వాత నడిచిన వాదోపవాదాల్లో చాలా భాగం, చంద్రయాత్ర వంటి జాతీయ కార్యక్రమాన్ని ప్రైవేటు కంపెనీల చేతుల్లో పెట్టవచ్చా లేదా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. అయితే అమెరికా చంద్రయాత్రలో ప్రైవేటు కంపెనీలు లేని రోజంటూ ఎన్నడూ లేదు. మారింది కాంట్రాక్టు స్వరూపం. వాహనం ఎవరి సొంతం, నష్టం వస్తే ఎవరు భరించాలి, లోపల జరుగుతున్న పనిని చూసే హక్కు ఎవరికి ఉంది అన్న మూడు విషయాల్లో వచ్చిన మార్పే అసలు కథ.

1960ల నాటి అపోలో చంద్రయాత్రల కాలంలో సాటర్న్-5 రాకెట్ మొదటి దశను బోయింగ్, రెండో దశను నార్త్ అమెరికన్, మూడో దశను డగ్లస్ తయారు చేశాయి. చంద్రుడిపై దిగిన లూనార్ మాడ్యూల్ న్యూయార్క్ రాష్ట్రంలోని బెత్‌పేజ్ ఊళ్లో గ్రమ్మన్ కంపెనీ కర్మాగారంలో తయారైంది. 1962 నవంబరులో ఆ పని గ్రమ్మన్‌కు దక్కింది. కంపెనీ పెట్టిన ఖర్చంతా ప్రభుత్వం తిరిగి చెల్లించి, పైన లాభం ఇచ్చే పద్ధతి అది. అందుకు బదులుగా డిజైను మీద తుది మాట నాసాదే, తయారైన వాహనం కూడా నాసాదే. ఆలస్యాలు అప్పుడూ తప్పలేదు. 1968 వేసవిలో కేప్ కెన్నెడీకి చేరిన మూడో లూనార్ మాడ్యూల్‌లో లోపాలు బయటపడి అది సమయానికి సిద్ధం కాకపోవడం, అపోలో-8ను ల్యాండరు లేకుండానే చంద్రుడి చుట్టూ తిరిగి రమ్మని పంపడానికి ఒక ముఖ్య కారణం. ల్యాండరు తయారీదారు వెనకబడితే యాత్రా ప్రణాళికే మారడం ఈనాటి సంగతి కాదు.

ఈ చర్చలో అరుదుగా వినిపించే మరో సంఘటన ఉంది. 1965 చివర్లో అపోలో కార్యక్రమ సారథి జనరల్ శామ్యూల్ ఫిలిప్స్ తన బృందంతో నార్త్ అమెరికన్ కర్మాగారాలను పరిశీలించి, పని నాణ్యత, గడువుల నిర్వహణ, ఖర్చుల అదుపు ఏవీ సరిగా లేవని ఆ కంపెనీ యాజమాన్యానికి సవివరంగా రాశారు. ఆ పత్రం బయటికి రాలేదు. 1967 జనవరి 27న ఆ కంపెనీ తయారుచేసిన, వ్యోమగాములు కూర్చునే కమాండ్ మాడ్యూల్‌లో నేలమీద జరుగుతున్న పరీక్షలోనే మంటలు చెలరేగి గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ ప్రాణాలు కోల్పోయారు. కొద్ది వారాలకు సెనేట్ విచారణలో సెనేటర్ వాల్టర్ మాండేల్ ఆ నివేదిక గురించి అడిగినప్పుడు నాసా అధిపతి జేమ్స్ వెబ్ సూటిగా జవాబు చెప్పలేకపోయారు. చివరికి అది వెలుగులోకి వచ్చింది. వాహనం ప్రభుత్వానిదే, లెక్కలన్నీ ప్రభుత్వ చేతిలోనివే, అయినా నిజం బయటపడటానికి మూడు ప్రాణాలు పోవలసి వచ్చింది, ఒక సెనేటర్ పట్టుబట్టవలసి వచ్చింది. అందుచేత పాత పద్ధతిలో ప్రజలకు అన్నీ కనిపించేవని చెప్పడం సరికాదు. కాకపోతే పట్టుబట్టి అడిగే హక్కు ఉండేది, అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉండేది. ఆ దుర్ఘటన తర్వాతే నాసా భద్రతను బయటినుంచి పరిశీలించడానికి కాంగ్రెస్ ఒక ప్రత్యేక సలహా మండలిని ఏర్పాటు చేసింది.

పద్ధతి మారడం 2006లో మొదలైంది. అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేర్చే పనిని నాసా కొత్త తరహా ఒప్పందాలతో కంపెనీలకు అప్పగించింది. నిర్ణీత మైలురాయిని దాటితేనే నిర్ణీత మొత్తం ఇస్తుంది, వాహనం మాత్రం కంపెనీదే. మొదట ఎంపికైన రెండింటిలో రాకెట్‌ప్లేన్ కిస్లర్ పెట్టుబడి సమకూర్చుకోలేక మరుసటి ఏడే ఒప్పందం కోల్పోగా, స్పేస్‌ఎక్స్ వాహనం డ్రాగన్ 2012 మేలో అంతరిక్ష కేంద్రాన్ని చేరింది. 2010లో ఒబామా ప్రభుత్వం కాన్‌స్టెలేషన్ చంద్రయాత్ర కార్యక్రమాన్ని రద్దుచేసి, వ్యోమగాముల రవాణాను కూడా ఇదే దారిలో పెడతామన్నప్పుడు అపోలో వ్యోమగాములు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, జిమ్ లోవెల్, జీన్ సెర్నాన్ బహిరంగ లేఖ రాసి వ్యతిరేకించారు. వారి భయాలు కొంతవరకు నిజమయ్యాయి, కొంతవరకు కాలేదు. 2020 మేలో డ్రాగన్ మనుషులను కక్ష్యకు చేర్చింది. బోయింగ్ స్టార్‌లైనర్ మాత్రం 2024 జూన్‌లో ఇద్దరిని తీసుకెళ్లి, వారు లేకుండానే తిరిగివచ్చింది. ధర ముందే ఖాయమైన ఒప్పందం కనుక, ఆ వాహనంపై దాదాపు 200 కోట్ల డాలర్ల నష్టాన్ని బోయింగే మోయవలసి వచ్చింది. ప్రభుత్వ ఖజానాను కాపాడటంలో ఈ పద్ధతి బలం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

చంద్రయాత్రకు వచ్చేసరికి రెండు పద్ధతులూ ఒకే కార్యక్రమంలో కలిశాయి. వ్యోమగాములను చంద్రుడి దాకా తీసుకెళ్లడానికి 2010 చట్టంతో రూపుదిద్దుకున్న ఎస్‌ఎల్‌ఎస్ రాకెట్, ఓరియన్ నౌక పాత పద్ధతిలోనే సాగాయి. తొలి నాలుగు ఆర్టెమిస్ ప్రయోగాల్లో ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని, అది నిలకడగా భరించగలిగేది కాదని నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్ 2022 మార్చిలో కాంగ్రెస్‌కు చెప్పారు. ల్యాండరు మాత్రం స్థిర ధర ఒప్పందం కిందికి వచ్చింది.

ఆ ఒప్పందం కుదిరిన తీరును కాస్త నిదానంగా చూడాలి. 2020 ఏప్రిల్‌లో బ్లూ ఆరిజిన్, డైనెటిక్స్, స్పేస్‌ఎక్స్ సంస్థలకు ప్రాథమిక డిజైన్ల కోసం నాసా నిధులిచ్చింది. తర్వాతి దశలో ఇద్దరిని ఎంచుకోవాలన్నది దాని ఆలోచన. ఒకరు తడబడితే మరొకరు ఉంటారన్న భరోసా అది. ఆ ఏటి బడ్జెట్‌లో ల్యాండరు కోసం 330 కోట్ల డాలర్లకు పైగా అడిగితే కాంగ్రెస్ ఇచ్చింది 85 కోట్లు. 2021 ఏప్రిల్ 16న 289 కోట్ల డాలర్లకు స్పేస్‌ఎక్స్ ఒక్కదానినే ఎంపిక చేశారు. చెల్లింపులు నాసా నిధుల రాకకు తగినట్టు సర్దుకునేలా ఆ సంస్థతో మాట్లాడుకున్నారు. బ్లూ ఆరిజిన్ కోట్ చేసిన ధర దానికి రెట్టింపు, 599 కోట్లు.

ఓడిన రెండు సంస్థలూ ప్రభుత్వ ఖర్చులపై కాంగ్రెస్ తరఫున నిఘా పెట్టే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసును ఆశ్రయించాయి. తమ ధర తగ్గించుకునే అవకాశం తమకు ఇవ్వలేదన్నది బ్లూ ఆరిజిన్ ఫిర్యాదు. 200 కోట్ల డాలర్ల దాకా వదులుకుంటామని దాని అధినేత జెఫ్ బెజోస్ బహిరంగ లేఖ కూడా రాశారు. జులై 30న ఫిర్యాదులు కొట్టివేశారు. ప్రయోగానికి ముందు జరగాల్సిన ఒక సంసిద్ధత సమీక్ష విషయంలో స్పేస్‌ఎక్స్‌కు నాసా నిబంధన సడలించిందని అందులో తేలింది కానీ, ఫలితాన్ని మార్చేంత విషయం కాదని అభిప్రాయపడ్డారు. తర్వాత ఫెడరల్ కోర్టులో వేసిన దావా కూడా నవంబరులో వీగిపోయింది. రెండో ల్యాండరు కోసం 340 కోట్ల డాలర్లతో బ్లూ ఆరిజిన్‌ను ఎంచుకోవడానికి 2023 మే దాకా సమయం పట్టింది. అప్పటికి అత్యంత విలువైన రెండేళ్లు గడిచిపోయాయి. ఒకే సంస్థపై ఆధారపడటం నాసా తప్పిదమని నిందించేవారు ఆ 85 కోట్ల అంకెను మరవకూడదన్నది ఈ రచయిత అభిప్రాయం. కావలసిన దానిలో నాలుగో వంతు సొమ్మే ఇచ్చినవారిది, అయినా మనుషులను 2024కల్లా చంద్రుడిపై దింపమని అడిగినవారిదే పెద్ద బాధ్యత.

సరుకు మాత్రమే మోసే చిన్న ల్యాండర్ల విషయంలో ఈ ధోరణి మరో మలుపు తీసుకుంది. 2018లో మొదలైన పథకం కింద నాసా తన పరికరాలకు చోటు మాత్రమే కొనుక్కుంటుంది, మిగిలిన చోటు కంపెనీ ఎవరికైనా అమ్ముకోవచ్చు. 2024 జనవరిలో ఆస్ట్రోబోటిక్ వారి పెరెగ్రిన్ ల్యాండరు బయల్దేరే ముందు, అందులో కొందరు మృతుల చితాభస్మం ఉందని తెలిసి అమెరికా ఆదివాసులైన నవాహోల స్వపరిపాలనా ప్రాంతం నవాహో నేషన్ అధ్యక్షుడు బూ నైగ్రెన్ అభ్యంతరం తెలిపారు. నవాహోలకు చంద్రుడు పవిత్రం. 1990ల చివర్లో నాసా నౌకే భూగర్భ శాస్త్రవేత్త జీన్ షూమేకర్ అస్థికలను మోసుకెళ్లినప్పుడు, ఇకపై సంప్రదిస్తామని నాసా వారికి మాటిచ్చింది. ఈసారి మాత్రం ప్రైవేటు వాహనంలో ఏముండాలో నిర్ణయించే అధికారం తమకు లేదన్నది నాసా జవాబు. ఇంధనం కారిపోయి ఆ ల్యాండరు భూవాతావరణంలోనే కాలిపోయింది, ప్రశ్న మాత్రం తీరలేదు. ప్రైవేటు సంస్థలు అంతరిక్షంలో చేసే పనులకు కూడా ఆయా దేశాలే బాధ్యులని 1967 నాటి అంతరిక్ష ఒప్పందం చెబుతోంది. బాధ్యత ప్రభుత్వానిదై, నిర్ణయం కంపెనీదైతే నవాహోలు ఎవరిని అడగాలి?

యాజమాన్యం ఒక్కరి చేతిలో ఉండటం వల్ల వచ్చే చిక్కు 2025 జూన్‌లో మరింత బాహాటంగా కనిపించింది. అధ్యక్షుడు ట్రంప్‌తో మాటల యుద్ధం ముదిరినప్పుడు డ్రాగన్‌ను సేవలనుంచి తప్పిస్తానని మస్క్ ప్రకటించి, గంటల్లోనే వెనక్కి తగ్గారు. అప్పటికి అమెరికా గడ్డపైనుంచి మనుషులను అంతరిక్ష కేంద్రానికి క్రమం తప్పకుండా చేర్చే వాహనం అదొక్కటే.

అదే ఏడాది సెప్టెంబరులో, అపోలో అగ్నిప్రమాదం తర్వాత పుట్టిన ఆ భద్రతా సలహా మండలి, స్పేస్‌ఎక్స్ తయారుచేస్తున్న స్టార్‌షిప్ ల్యాండరు, ఆర్టెమిస్-3కు అప్పట్లో పెట్టుకున్న 2027 గడువుకు కొన్నేళ్లు ఆలస్యం కావచ్చని హెచ్చరించింది. భూకక్ష్యలోనే ఒక నౌకనుంచి మరో నౌకకు అతిశీతల ఇంధనాన్ని పదేపదే మార్చి నింపుకోవాల్సి రావడం అందులోని ప్రధానమైన చిక్కు. దానికి ఎన్ని ప్రయోగాలు కావాలన్న లెక్క మీదే ఏకాభిప్రాయం లేదు. డఫీ ప్రకటన తర్వాత పది రోజులకు స్పేస్‌ఎక్స్ తన వెబ్‌సైటులో సుదీర్ఘ వివరణ ఇచ్చింది. 49 మైలురాళ్లు దాటామని, స్టార్‌షిప్ ఖర్చులో 90 శాతానికి పైగా తామే పెట్టుకున్నామని, యాత్రను సరళం చేసే ప్రణాళికను నాసాకు అందించామని అందులో చెప్పింది. కాంట్రాక్టు సొమ్ము ప్రజలది. పని ఎక్కడిదాకా వచ్చిందో ప్రజలకు తెలిసింది మాత్రం కంపెనీ చెప్పదలచుకున్న మేరకే. ఆ మైలురాళ్ల జాబితాను, ఒక్కోదానికి చెల్లించిన మొత్తాన్ని, ఎప్పటికప్పుడు జరిగే భద్రతా సమీక్షల ఫలితాలను నాసాయే బహిరంగపరచాలన్న షరతు, మళ్లీ పోటీ పెడితే కొత్త టెండరులో తొలి పేజీలోనే ఉండాలి.