చామంతి టీ, పెళ్లి బంతి

చిరంజీవులు చిట్టికీ, నానికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "రాత్రిపూట అమ్మ మమ్మల్ని టీ ముట్టుకోనివ్వదు. పక్కింటి చైనా అమ్మమ్మ ఇచ్చిన చామంతి టీ మాత్రం గ్లాసు నిండా పోస్తుంది. అదీ టీయే కదా, ఇదేం న్యాయం?" అని అడిగావు చిట్టీ. అడగాల్సిన మాటే. అమ్మ తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను.

మనం రోజూ తాగే టీ, తేయాకు చెట్టు ఆకుతో చేసేది. పురుగులు తినేయకుండా ఆ చెట్టు తన ఆకుల్లో కెఫీన్ తయారు చేసుకుంటుంది. ఒక కప్పు టీలో సుమారు 40, 50 మిల్లీగ్రాములు ఉంటుంది. చామంతి మొక్క ఆ పని పెట్టుకోలేదు. ఇంతే సంగతి. కానీ నాని ఊరుకుంటాడా? "కెఫీన్ ఉంటే నిద్రెందుకు రాదు తాతయ్యా?" అంటాడు.

మా చిన్నప్పుడు పల్లెల్లో పెళ్లంటే భోజనాలు నేల మీదే. పందిట్లో చాపలు పరిచి, విస్తళ్లు వేసి బంతికి కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు మీ తలలో అలాంటి పందిరి ఉందనుకోండి. పగలంతా మీరు ఆడి, చదివి, పోట్లాడుకుంటుంటే మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అదే మన పెళ్లికొచ్చిన చుట్టం. అది వచ్చి విస్తరి ముందు కూర్చుంటే చాలు, మీకు ఆవులింతలు మొదలు. బంతి నిండిందంటే నిద్రే. కెఫీన్ ఏం చేస్తుందంటే, అచ్చం ఆ చుట్టం పోలికలతోనే ఉంటుంది గనక ముందే వెళ్లి ఆ విస్తళ్ల ముందు కూర్చుంటుంది. తినదు, లేవదు. పాపం అసలు చుట్టాలు వెనకాల నిలబడి ఉంటారు.

ఈ కెఫీన్ పని నేనూ చేశాను లెండి. మా నాన్నకు చోటు పట్టమని నన్ను ముందు తరిమేవాళ్లు. నేను ఒక విస్తరి ముందు కూర్చుని, పక్క విస్తరి మీద చెయ్యి పెట్టేవాణ్ణి. వెనక పెద్దవాళ్లు "లేవరా అబ్బీ, ఆకలేస్తోంది" అంటున్నా వినేవాణ్ణి కాదు, దృష్టంతా వడ్డించే వాళ్ల చేతిలో బూరెల గంపల మీదే. ఒకసారి ఒకాయన చెవి పట్టుకుని లేపాడు. పెద్దవాళ్లు నిలబడి ఉండగా కూర్చోకూడదని ఆ చెవి నేర్పింది, మీరు మాత్రం చెప్తేనే నేర్చుకోండి. ఇంతకీ చూడండి, వెనక నిలబడ్డవాళ్లు ఇంటికి పోరు. ఇంకా వస్తూనే ఉంటారు. అయిదారు గంటలకు కెఫీన్‌లో సగం లేచి వెళ్తుంది. అప్పుడు అందరూ ఒక్కసారి తోసుకుని కూర్చుంటారు. పొద్దున టీ తాగిన మీ నాన్న మధ్యాహ్నం ఆఫీసులో కునికేది అందుకే కావచ్చు (ఈ మాట ఆయనకు చూపించకండి). చామంతి టీ తాగితే ఎవరి విస్తరీ ఎవరూ ఆక్రమించరు. అమ్మ లెక్క అదీ.

ఇక మీ పక్కింటి అమ్మమ్మగారి దేశం సంగతి. చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలో తోంగ్‌షియాంగ్ అనే ఊరి చుట్టుపక్కల తెల్ల చామంతిని తాగడానికనే పండిస్తారు. నవంబరు ప్రాంతంలో పూలు కోసి, కాసేపు ఆవిరి పట్టి, తర్వాత ఎండబెడతారు. అన్హుయీ అనే ఇంకో రాష్ట్రంలో హువాంగ్‌షాన్ కొండల వైపు మరో రకం ఉంది. గ్లాసులో నాలుగైదు పూలు వేసి, వేడినీళ్లు పోసి, పటికబెల్లం ముక్క వేస్తారు. కొందరు ఎర్రటి గోజీ పళ్లు కూడా వేస్తారు. నీళ్లు అయిపోతే అవే పూల మీద మళ్లీ పోసుకుంటారు. వేపుళ్లు ఎక్కువ తిన్నా, గొంతు మండినా, కళ్లు ఎర్రబడినా అక్కడి పెద్దవాళ్లు "వేడి చేసింది, చామంతి తాగు" అంటారు. మా అవ్వ సబ్జా నీళ్లు ఇస్తూ అనేది ఇదే మాట! ఈ రెండు ఊళ్ల అవ్వలూ ఎక్కడ కలుసుకున్నారో! కళ్లకు చలవ అని వాళ్ల నమ్మకం, పాత మూలికల గ్రంథాల్లోనూ ఉంది. అలాగని ఫోను చూస్తూ కూర్చుని చామంతి తాగితే కళ్లద్దాలు రాకుండా పోతాయని అనుకోకండి.

ఇంకో తమాషా చెప్తాను. వాళ్ల తొమ్మిదో నెల తొమ్మిదో రోజున చోంగ్‌యాంగ్ అనే పండుగ. ఆ రోజు కొండలెక్కుతారు, చామంతులు చూడ్డానికి వెళ్తారు. వాళ్లకీ మనకీ చంద్రుణ్ణి చూసి కట్టిన పంచాంగమే గనక, అది ఎప్పుడూ శుద్ధ నవమి ప్రాంతానికే పడుతుంది. 2023లో అక్టోబరు 23న మనకు మహర్నవమి, వాళ్లకు ఈ పండుగ. తెలంగాణలో బతుకమ్మలో చామంతులు పేర్చేదీ ఆ రోజుల్లోనే. ఒకే పువ్వు, ఒకే చందమామ. ఎందుకిలా కలిసిందని నన్నడక్కండి, నాకు తలుచుకోవడమే బాగుంటుంది.

ఒక్క జాగ్రత్త. దండలకు అమ్మే చామంతుల మీద పురుగుమందులు కొడతారు. వాటిని నీళ్లలో వేసుకు తాగకూడదు. తాగడానికని ఎండబెట్టి అమ్మేవే వాడాలి. నానీ, నీకు వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వస్తాయి కదా, చామంతిదీ అదే కుటుంబం. ముందు డాక్టరుగారిని అడగమని అమ్మతో చెప్పు.

రేపు సాయంత్రం ఒక పని చేయండి. ఎండు పువ్వొకటి గాజు గ్లాసులో వేసి, అమ్మను వేడినీళ్లు పోయమని, ముడుచుకున్న రేకులు ఎలా విచ్చుకుంటాయో గమనించండి. నీళ్లు లేత పసుపుకు తిరిగేదాకా ఆగండి. తర్వాత పచ్చి పువ్వొకటి తెచ్చి, ఒక్క రేకు లాగి, మొదలు వైపు భూతద్దంతో చూడండి. రెండుగా చీలిన సన్నటి పోగు ఒకటి కనిపిస్తుంది. అంటే మనం రేకు అనుకునేది ఒక్కొక్కటీ ఒక్కో పువ్వే. మధ్యలో ఉన్న పసుపు బొడిపె కూడా చిన్న చిన్న గొట్టపు పూల గుంపే. ఒక్క చామంతిలో మొత్తం ఎన్ని పూలున్నాయో ఇద్దరూ వేరువేరుగా లెక్కపెట్టి, ఎవరి లెక్క వాళ్లు నాకు రాయండి. తేడా వస్తే మళ్లీ ఇంకో పువ్వు కొనండి, డబ్బులు నేనిస్తాను.

ఇట్లు
మీ తాతయ్య