చేతిలో కార్డుంటే ఓటున్నట్టేనా? ఓటరు నమోదు: అపోహలు, వాస్తవాలు

నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని. దాంతోపాటు మా పోలింగ్ బూత్‌కి బీఎల్ఓని, అంటే బూత్ స్థాయి అధికారిని కూడా. మీరు పెట్టిన ఫారం పట్టుకుని మీ గుమ్మం ముందుకు వచ్చి, "ఈ ఇంట్లో ఫలానావారు ఉంటున్నారా?" అని అడిగేది మేమే. చూసింది చూసినట్టు రాసి పైకి పంపుతాం. పేరు చేర్చాలా, తీసేయాలా అని తేల్చేది మాత్రం ఈఆర్వో, అంటే నియోజకవర్గ ఓటరు నమోదు అధికారి. ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఎక్కువగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఓటరు కార్డు ఉంది కాబట్టి ఓటు ఉన్నట్టే.

అన్ని తిప్పలకీ మూలం ఈ నమ్మకమే. కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. ఓటు వేయనిచ్చేది జాబితాలో ఉన్న పేరు. 2018 డిసెంబర్ 7న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల రోజు ఎంతోమంది కార్డు చేత్తో పట్టుకుని బూత్‌కి వెళ్లి, జాబితాలో పేరు లేక వెనక్కి తిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా ఆ రోజు తన పేరు కనిపించడం లేదని ట్వీట్ చేశారు. 2025లో బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ చేసినప్పుడు ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. అప్పుడు ఎన్నికల సంఘం మొదట అడిగిన 11 పత్రాల్లో ఓటరు కార్డు లేనే లేదు.

ఇది రెండో వైపు నుంచీ నిజమే. పేరు జాబితాలో ఉండి కార్డు పోయిందనుకోండి, టెన్షన్ పడక్కర్లేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు వంటి వాటిలో ఏదో ఒకటి తీసుకెళ్తే చాలు. మేం పంచే ఓటరు స్లిప్పు మాత్రం గుర్తింపు పత్రం కాదు. 2019 నుంచి దాన్ని ఒక్కదాన్నే చూపిస్తే ఒప్పుకోవడం లేదు.

కాబట్టి ఏడాదికి ఒక్కసారైనా ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లో మీ ఎపిక్ నంబరు (ఓటరు కార్డు మీద ఉండే నంబరు) కొట్టి చూడండి. ఫోన్ చేయడం సులువనుకుంటే 1950 ఉంది. పేరుతోపాటు బూత్ కూడా చూసుకోండి. ఒక్కో బూత్‌కి 1,500 మంది దాకా ఉండే పరిమితిని 1,200కి తగ్గించారు కాబట్టి, పోయినసారి వేసిన బడిలోనే ఈసారీ ఉంటుందన్న నమ్మకం లేదు.

అపోహ: పేరు లేకపోయినా "సెక్షన్ 49ఏ" కింద ఛాలెంజ్ ఓటు అడగొచ్చు.

ప్రతి ఎన్నికలకీ ఈ వాట్సాప్ మెసేజ్ కొత్త చొక్కా వేసుకుని వస్తుంది. పేరు లేకపోతే ఆధార్ చూపించి ఛాలెంజ్ ఓటు వేయమంటుంది. 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్ అంటుంది. ఇది తప్పుడు ప్రచారమని ఎన్నికల సంఘమే చెప్పినా ఆగలేదు. పోలింగ్ రోజు దీన్ని ఫోన్‌లో చూపించి వాదించేవాళ్లకు సర్దిచెప్పేసరికి నోరు ఎండిపోతుంది.

అసలు 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఏ అనేది ఓటింగ్ యంత్రం ఎలా ఉండాలో చెప్పే నియమం. ఛాలెంజ్ వేరు. ఓటు వేయడానికి వచ్చిన మనిషి అసలు మనిషి కాదని అనుమానం వస్తే, బూత్‌లో కూర్చున్న పార్టీ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడాన్ని ఛాలెంజ్ అంటారు. టెండర్ ఓటు మాత్రం నిజంగా ఉంది. మీ పేరు మీద ఇంకెవరో ముందే ఓటేసి వెళ్లిపోతే, మీరెవరో రుజువు చేసుకున్నాక బ్యాలెట్ కాగితం ఇస్తారు. దాన్ని కవర్లో విడిగా పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు. జాబితాలో పేరు లేనివారికి పోలింగ్ రోజు ఏ దారీ లేదు.

అపోహ: ఊళ్లో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి ఉంటే తప్పేముంది?

తప్పే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషికి ఒక్కచోటే ఓటు. 2019లో, 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది కాబట్టి రెండుచోట్లా వేయడం కుదరలేదు గానీ, వేయకపోయినా రెండుచోట్ల పేరుండటమే చిక్కు. ఇల్లు మారినవాళ్లు కొత్త ఓటు కోసం ఫారం-6 నింపేస్తుంటారు. కింద సంతకం పెట్టేచోట "నా పేరు మరెక్కడా లేదు" అన్న మాట ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మారినవారికి ఉన్నది ఫారం-8. ఇంకో వీధికి మారినా, ఇంకో రాష్ట్రానికి మారినా అదే. పాతచోట పేరు తీసేసి కొత్తచోట చేరుస్తారు, ఎపిక్ నంబరు మారదు. పేరులో అక్షరం తప్పున్నా, కార్డు పోయినా కూడా అదే ఫారం. పెళ్లయి అత్తారింటికి వెళ్లిన అమ్మాయిలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పుట్టింట్లో పేరు అలాగే ఉంచి అత్తారింట్లో ఫారం-6 పెట్టేస్తారు. కొన్నేళ్ల తర్వాత పాత పేరు మీద "ఇక్కడ ఉండటం లేదు" అని మా దగ్గరకు కాగితం వస్తుంది.

సంక్రాంతికి ఊరెళ్తాం, ఇల్లూ పొలమూ అక్కడే ఉన్నాయి కదా అంటారు. ఇల్లు సొంతం అయినంత మాత్రాన అక్కడ "సాధారణ నివాసి" అయిపోరని చట్టం స్పష్టంగా చెబుతోంది. పని మీద కొన్నాళ్లు వేరే ఊరెళ్తే సొంతూరి ఓటు పోదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. హాస్టల్లో ఉండే పిల్లలు ఇంటి దగ్గరైనా, చదువుకునే చోటైనా ఎంచుకోవచ్చు.

అపోహ: అద్దె ఇంటికి ఓటు రావాలంటే ఓనర్ ఒప్పుకోవాలి.

అక్కర్లేదు. ఓనరు సంతకం ఎవరూ అడగరు. చిరునామా పత్రం ఏదీ లేకపోయినా మేం వచ్చి విచారించి రాయవచ్చు. ఇల్లే లేనివారి కోసం, వారు పడుకునే చోటికి రాత్రిపూట వెళ్లి చూడమని మాకు ఆదేశం ఉంది.

అపోహ: ఆధార్ లింక్ చేయకపోతే ఓటు తీసేస్తారు.

ఓటరు ఆధార్ నంబరు ఇచ్చే ఫారం-6బి వచ్చింది 2022లో. ఆధార్ ఇవ్వలేదన్న కారణంతో పేరు తీసేయకూడదని చట్టంలోనే ఉంది. తెలంగాణకు చెందిన జి. నిరంజన్ వేసిన పిటిషన్‌లో, ఆధార్ తప్పనిసరి కాదని 2023లో ఎన్నికల సంఘమే సుప్రీంకోర్టుకు చెప్పింది. క్షేత్రంలో దీన్ని గట్టిగా అడిగినవాళ్లు ఉన్నారు, కాదనను.

అపోహ: ఎవరో ఫారం-7 పెడితే మన ఓటు పోయినట్టే.

2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం-7లు ఆన్‌లైన్‌లో కుప్పలుగా వచ్చి పడ్డాయి. పెట్టినట్టు పేరున్నవాళ్లే "మాకేం తెలియదు" అన్న సందర్భాలున్నాయి, పోలీసు కేసులూ నడిచాయి. ఆ భయం ఇంకా పోలేదు. ఫారం-7 అంటే ఫలానా పేరు తీసేయమని పెట్టే అభ్యంతరం మాత్రమే. మీకు నోటీసు ఇచ్చి, మీ మాట విన్నాకే ఈఆర్వో తేల్చాలి. నోటీసు పాత చిరునామాకి వెళ్లి తిరిగొచ్చేస్తే ఎవరు మాట్లాడతారు? ఇల్లు మారగానే ఫారం-8 పెట్టమని పోరేది అందుకే. పేరు తీసేసినా 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి.

అపోహ: 18 నిండినా వచ్చే జనవరి దాకా ఆగాలి.

ఆ రోజులు పోయాయి. జనవరి 1తోపాటు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలే. 17 నిండితే ముందుగానే ఫారం పెట్టుకోవచ్చు.

అపోహ: షెడ్యూలు వచ్చాక ఇక చేర్చరు. ఇంకొందరైతే పోలింగ్ ముందురోజు దాకా చేరుస్తారనుకుంటారు.

రెండూ కాదు. నామినేషన్ల చివరి రోజు వరకే జాబితాలో చేర్పులు. కానీ అభ్యంతరాలకు వారం గడువుండాలి కాబట్టి, దానికి పది రోజుల ముందే ఫారం అందాలి. 2024లో నామినేషన్లకు ఏప్రిల్ 25 ఆఖరు, కాబట్టి ఏప్రిల్ 15 దాకా పెట్టినవారికి అవకాశం దక్కింది. ఆ తర్వాత పోలింగ్‌కి ఇంకా నాలుగు వారాలున్నా లాభం లేదు.

అపోహ: అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో ఓటేయొచ్చు.

పేరు ఆన్‌లైన్‌లో ఫారం-6ఏతో నమోదు చేసుకోవచ్చు, పాస్‌పోర్ట్‌లో ఉన్న చిరునామా నియోజకవర్గంలో. ఓటు వేయాలంటే ఇక్కడికి రావాలి, ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపించాలి. గ్రీన్‌కార్డ్ ఉన్నా భారత పౌరులైతే సరే. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవారికి ఓటు లేదు.

అపోహ: పోయినసారి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వేశాం, ఈసారీ ఉంటుంది.

ఉండదు. ఆ జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. అసెంబ్లీ ఓటు ఉన్నా, పోయినసారి పేరున్నా సరే, నవంబర్ 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండిన వారంతా మళ్లీ ఫారం-18 పెట్టాలి. టీచర్ల నియోజకవర్గానికైతే ఫారం-19. మా స్టాఫ్ రూమ్‌లోనే ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు మర్చిపోతుంటారు.