దూడనెత్తిన మైలో: కుస్తీ నేర్పేవాడిగా నేను తరచూ వినే అపోహలు

మా తాలీమ్‌కి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు మొదటిరోజే ఫోన్ తీసి రీల్ చూపించాడు. గడ్డం పెంచిన ఒకాయన భుజాల మీద దూడ, తర్వాతి బొమ్మలో కోడె, ఆ తర్వాత ఎద్దు. "సార్, నేను కూడా రోజూ అరకిలో పెంచుకుంటూ పోతా. మైలో మెథడ్" అన్నాడు. ఇరవై ఏళ్లుగా కుస్తీ, బరువుల వ్యాయామం నేర్పుతున్నాను. ప్రాచీన గ్రీకు కుస్తీవీరుడు మైలో రోజూ దూడను మోస్తూ, అది ఎద్దయ్యాక కూడా మోశాడన్న ఈ దూడ కథ చెప్పని బ్యాచ్ లేదు. కథ బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే అందరూ దూడను పట్టుకుని మనిషిని వదిలేశారు.

మైలో నిజంగా ఉన్నవాడే. గ్రీకులో మిలోన్. ఇప్పటి దక్షిణ ఇటలీలో క్రొటోనే అనే ఊరుంది. అప్పట్లో అది క్రొటోన్ అనే గ్రీకుల వలస నగరం. క్రీ.పూ. 540లో, ఆనాటి ఒలింపిక్స్ జరిగే ఒలింపియాలో బాలుర కుస్తీ గెలిచాడు. తర్వాత క్రీ.పూ. 532 నుంచి 516 దాకా పెద్దల కుస్తీలో వరుసగా ఐదుసార్లు. అలాంటి పోటీలే జరిగే మిగతా గ్రీకు ఊళ్లలో, డెల్ఫీలో ఏడు, ఇస్త్మియాలో పది, నెమియాలో తొమ్మిది గెలుపులని పాత లెక్కలు చెబుతాయి.

అపోహ: రోజూ దూడను మోస్తూ పోతే ఎద్దును మోయొచ్చు. బలం అలాగే రోజూ పెరుగుతుంది.

ముందు కథ సంగతి. దూడను మోసి మోసి ఎద్దును మోశాడన్న మాట మనకు దొరికేది క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచనల్లో. అంటే మైలో పోయిన ఐదారు వందల ఏళ్ల తర్వాత. అప్పటికే అది సామెత. నాలుగేళ్ల ఎద్దును ఎత్తుకుని ఒలింపియా మైదానం చుట్టూ తిరిగాడన్న కథ కూడా తర్వాతివాళ్లు రాసిందే.

ఇప్పుడు లెక్క. పుట్టిన దూడ పాతిక కిలోలనుకుందాం. నాలుగేళ్లకు 500 కిలోలకు చేరిందనుకుందాం. రోజుకు సుమారు 325 గ్రాములు, నెలకు దాదాపు పది కిలోలు. 2016లో ఎడ్డీ హాల్ అనే బ్రిటిష్ బలశాలి 500 కిలోల బార్‌ని నేల మీంచి లేపి నిలబడ్డాడు. ముక్కులోంచి రక్తం కారింది, స్పృహ తప్పాడు. ఆయన దాన్ని మోసుకుంటూ నడవలేదు, ఒక్కసారి పైకి లేపాడంతే. ఆ కాలపు పశువులు ఇంకాస్త చిన్నవే అనుకున్నా లెక్క పెద్దగా మారదు.

అయితే కథలో నిజం లేదా అంటే, సగం ఉంది. కొంచెం కొంచెంగా బరువు పెంచితే శరీరం అలవాటు పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ ఆర్మీ డాక్టరు ఈ పద్ధతిలోనే కాళ్లకు బలం తెప్పించాడు. పదిసార్లు ఎత్తగలిగిన బరువెంతో చూసి, అందులో సగంతో ఒక సెట్టు, ముప్పావుతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి చేయించాడు. గమనించండి, ఆయన బరువును పేషెంటు సత్తాను బట్టి పెంచాడు. దూడ అలా కాదు. నువ్వు రాత్రి నిద్రపోయావా లేదా, జ్వరమొచ్చిందా అని అడగదు. తన మానాన తను పెరిగిపోతుంది.

మా కుర్రాడికి కాగితం మీద వేసి చూపించా. ఇవాళ 40 కిలోలతో స్క్వాట్ చేస్తున్నావు. రోజుకు అరకిలో మాట అటుంచు, వారానికి రెండున్నర కిలోలే పెంచితే ఏడాదికి 170. రెండో ఏడాదికి 300. మూడో ఏడాదికి 430. వాడికే నవ్వొచ్చింది. మొదటి కొన్ని నెలలు నిజంగానే అలా పెరుగుతుంది, అక్కడే అందరూ మోసపోతారు. నేనూ మోసపోయినవాణ్ణే. ఇరవై రెండేళ్ల వయసులో, ఒక జిమ్‌లో, ఎవరు చెప్పినా వినకుండా ప్రతి సెషన్‌కీ ప్లేట్లు వేసుకుంటూ పోయి నడుం పట్టేయించుకున్నా. మూడు నెలలు నా బూటు లేసులు కట్టడానికి మా అమ్మ వంగాల్సి వచ్చింది.

అపోహ: మైలో గెలిచింది ఒట్టి బలంతో.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. ఆనాటి కుస్తీలో వెయిట్ కేటగిరీల్లేవు, టైమ్ లిమిట్ లేదు. వీపో, భుజమో, తుంటో నేలకానితే పడ్డట్టు. ప్రత్యర్థిని మూడుసార్లు పడేసినవాడిదే గెలుపు. మన మట్టి కుస్తీలో ఒక్కసారి చిత్ అయితే కథ ముగుస్తుంది. అక్కడ పడ్డవాడు లేచి మళ్లీ వస్తాడు, నీ పట్టు ఏమిటో ఈసారి తెలుసుకుని మరీ వస్తాడు. అలాంటి ఆటలో పాతికేళ్లు నిలబడాలంటే కండ ఒక్కటీ చాలదు.

క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీసంతా తిరిగి రాసిన పౌసానియస్ చెప్పిన దానిమ్మపండు కథ చూడండి. మైలో గుప్పిట్లో పండును ఎవరూ లాక్కోలేకపోయేవారట, అలాగని పండు నలిగేదీ కాదట. (ఆయన ప్రియురాలు మాత్రం తేలిగ్గా లాగేసుకునేదని ఇంకో రచయిత చమత్కారం.) జరిగిందో లేదో నాకనవసరం. ఆ కథ అల్లినవాడికి పట్టు అంటే ఏమిటో తెలుసు. మణికట్టు పట్టుకోమంటే కొత్తవాళ్లు మొత్తం బలంతో బిగిస్తారు, అరనిమిషంలో ముంజేతులు మొద్దుబారతాయి. జారుతున్నప్పుడు బిగించి, ఆగినప్పుడు వదులు చేయడం రావడానికి ఏళ్లు పడుతుంది.

చివరి పోటీ కూడా ఇదే చెబుతుంది. ఏడోసారి ఒలింపియాకి వెళ్లేసరికి మైలోకి నలభై దాటి ఉంటాయి. ఎదురుగా తిమాసిథియోస్, సొంత ఊరి కుర్రాడే. అతను దగ్గరికే రాలేదు. మైలోకి పట్టు చిక్కనివ్వలేదు. ఏడో కిరీటం దక్కలేదు. కుర్రాడు తన గురువు ఆటను ఎన్నాళ్లు పక్కనుండి గమనించి ఉంటాడో అనిపిస్తుంది నాకు. గురువన్నది మాత్రం నా ఊహే, అది ఎక్కడా రాసి లేదు.

అపోహ: అంత బలం కావాలంటే అంత తినాలి.

తొమ్మిది కిలోలకు కాస్త తక్కువ మాంసం, అంతే బరువు రొట్టె, పది లీటర్ల దాకా ద్రాక్షసారా. మైలో తిండి అని క్రీ.శ. 200 ప్రాంతంలో అథెనేయస్ అనే గ్రీకు రచయిత రాసిన పద్దు ఇది. ఆ మాంసంలో ప్రొటీనే కిలోన్నరకు పైన తేలుతుంది. నూరు కిలోల పహిల్వాన్‌కి రోజుకు 160 నుంచి 200 గ్రాములు చాలు.

దీనికన్నా ఐదొందల ఏళ్లు ముందే అరిస్టాటిల్ మైలో పేరుతో ఒక తెలివైన మాట అన్నాడు. పది మినాల (మినా అంటే ఆనాటి గ్రీకు తూకం) తిండి ఎక్కువ, రెండు తక్కువ అయితే, కోచ్ మధ్యస్థంగా ఆరు పెట్టించడు. ఆరు మైలోకి తక్కువ కావచ్చు, కొత్తగా వ్యాయామం మొదలెట్టినవాడికి ఎక్కువ కావచ్చు. డైట్ చార్ట్ ఫార్వర్డ్ చేసి "సార్ ఇది ఫాలో అవ్వనా" అని అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే.

అపోహ: కండ తప్ప బుర్ర లేదు.

మైలో పైథాగరస్ బృందంలోవాడని, ఆయన కూతురు మియాను పెళ్లాడాడని తర్వాతి రచయితలు రాశారు. క్రీ.పూ. 510లో పొరుగు నగరం సిబారిస్‌తో జరిగిన యుద్ధంలో ఒలింపిక్ కిరీటాలు పెట్టుకుని, సింహం తోలు కప్పుకుని సేనను నడిపాడట. పెర్షియా రాజు డరయస్ దగ్గర వైద్యుడిగా ఉండి పారిపోయి వచ్చిన డెమోకెడెస్, మైలో కూతురితో తన పెళ్లి కుదిరిందని రాజుకు కబురు పంపాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మైలో పేరుకి అంత దూరంలోనూ విలువుంది.

అపోహ: మైలో ఆడింది గ్రీకో రోమన్ కుస్తీ.

కాదు. ఆ పేరు, నడుం కింద పట్టు పట్టకూడదన్న నియమం 19వ శతాబ్దపు యూరప్‌లో పుట్టాయి.

అపోహ: సింహం చంపేసింది.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, ఫ్రెంచ్ శిల్పి ప్యూజే చెక్కిన 1682 నాటి పాలరాతి శిల్పం చూసి అలా అనుకుంటారు. పాత కథలో ఉన్నవి తోడేళ్లు. చీలిన మొద్దులో చేతులు ఇరుక్కుపోయి, అడవిలో వాటి పాలయ్యాడని కథ. శిల్పికి తోడేలు చాలినట్టు లేదు.

సింగపూర్, మలేసియా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్ల వంటింట్లో ఆకుపచ్చ మైలో డబ్బా ఉంటుంది చూడండి, 1934లో ఆస్ట్రేలియాలో వచ్చిన ఆ డ్రింక్‌కి పెట్టింది కూడా ఈయన పేరే.

రీల్ చూపించిన కుర్రాడు ఇప్పుడు నాలుగో నెలలో ఉన్నాడు. మొన్న సోమవారం 60 కిలోలకు వచ్చాడు. పరీక్షల టెన్షన్‌లో రెండు రాత్రులు నిద్రలేదన్నాడు. బార్ మీంచి పది కిలోలు నేనే తీసేశాను.